చెయ్యి చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి

పశువైద్య కాలేజీ నుంచి కొత్తగా బయటికి వచ్చిన పిల్లలు నలుగురు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. వాళ్లకు కావలసింది ఏమిటో నాకు తెలుసు. ఏ రోగానికి ఏ మందు, ఏ ఊరి పెద్దమనిషితో ఎలా మెలగాలి, పైఅధికారిని ఎలా తట్టుకోవాలి. అవన్నీ మీకు ఎవరైనా చెబుతారు. నేను రాయబోయేది మాత్రం మా వృత్తిలో ఎవరూ చెప్పరు, చెబితే పరువు పోతుంది కాబట్టి.

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ ఉంది. పక్కవాడికి ఫస్టు మార్కు వస్తే మూడు రోజులు అన్నం సహించేది కాదు. దాన్ని పట్టుదల అనుకొని మా మాస్టర్లు మెచ్చుకునేవాళ్లు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆ గుణం నన్ను చాలా దూరం నడిపించింది కూడా. రిటైరయ్యాక అదే గుణం ఒక ఇంటి పాడిబర్రెను తినేసింది. ప్రమోషన్ల సంగతీ బదిలీల సంగతీ వదిలేసి నేరుగా ఆ కథకే వస్తాను. కాకపోతే దానికి ముందు నా చేతి గురించి కొంచెం చెప్పాలి.

ఉచ్చసంచి పాఠం

బర్రె సూడిదా కాదా, అంటే కడుపుతో ఉందా లేదా అని తేల్చడం మా పనిలో సగం. మా రోజుల్లో దానికి ఒక్కటే సాధనం, చెయ్యి. భుజం దాకా గ్లౌజు తొడిగి, వెనకనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, పేగు గోడ మీదుగా గర్భసంచిని తడిమి చూడాలి. కంటికి ఏమీ కనబడదు. అంతా వేళ్లకే తెలియాలి.

నా మొదటి ఉద్యోగం కొత్తకోట దగ్గర ఒక ఊళ్లో. చేరిన వారానికే ఒక రైతు బర్రెను తోలుకొచ్చాడు. చెయ్యి పెట్టాను. గుండ్రంగా, నిండుగా, నీళ్లతో బరువుగా ఏదో తగిలింది. కాలేజీలో చూసిన బొమ్మ గుర్తుకొచ్చింది. "ఐదో నెల" అన్నాను, గొంతులో కాస్త గాంభీర్యం తెచ్చుకొని.

మా అటెండరు బాలస్వామి నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "సారు, గది ఉచ్చసంచి. జర ఆగుండ్రి. బర్రె ఉచ్చ పోస్తది, మీ ఐదో నెల గూడ పోతది."

అలాగే అయింది. రైతు చూడకుండా మళ్లీ చెయ్యి పెట్టాను. అక్కడ ఏమీ లేదు. ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. బాలస్వామి మీద ఈర్ష్య కలిగింది. చదువు లేని మనిషి వేళ్లకు తెలిసింది నా వేళ్లకు ఎందుకు తెలియలేదని కడుపు మండింది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. సెలవు రోజుల్లో కూడా ఊళ్లమీద పడి, అడిగిన వాడి బర్రెకూ అడగని వాడి బర్రెకూ చెయ్యి పెట్టాను.

సూడి ఉంటే గర్భసంచి గోడను రెండు వేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా వదిలినప్పుడు లోపలి పొర విడిగా జారిపోతుంది. నాలుగో నెలకు గోడ మీద బొడిపెలు తగులుతాయి. సంచికి రక్తం తెచ్చే నరం వేలి కింద జుమ్మంటుంది. ఈ మూడింటిలో ఒక్కటైనా దొరకనిదే సూడి అని నోరు విప్పకూడదు. ఈ మాట బాలస్వామి చెప్పాడు. నేను నా తర్వాత వచ్చినవాళ్లకు చెప్పాను.

రిటైరయ్యే నాటికి ఇటు గద్వాల నుంచి అటు వనపర్తి దాకా నాకు పేరుండేది. ఆ సారు చెయ్యి పెడితే తప్పదు అనేవాళ్లు. మా దిక్కు ఒక అలవాటు ఉంది. డాక్టరు 'సూడిదే' అనగానే ఆ ఇంటామె చెంబుతో నీళ్లు పోసి చెయ్యి కడిగించి, ఆ చేతిలోనే ఒక బెల్లం ముక్క పెడుతుంది. ఆ తర్వాత ఆ బర్రెను సంతకు తోలరు. ఆ బెల్లం మీద నాకున్న మోజు జీతం మీద కూడా ఉండేది కాదు.

తాళం వేసిన మైక్రోస్కోపు

నడుమ కొన్నాళ్లు అచ్చంపేటలో పనిచేశాను. అక్కడ మా పైఅధికారిని పెద్దసారు అనేవాళ్లం. మంచి అనుభవమున్న మనిషి. పశువు చెవి పట్టుకొని జ్వరం ఎంతుందో చెప్పగలిగేవాడు. ఆఫీసులో ఒక మైక్రోస్కోపు ఉండేది. అది చెక్కపెట్టెలో, పెట్టె బీరువాలో, బీరువా తాళంచెవి పెద్దసారు మొలతాడుకు. అద్దం పగిలితే ఎవడు జవాబు చెప్పాలి అనేవాడు.

నల్లమల అడవి లోపలి పెంట, అంటే చిన్న గూడెం నుంచి లింగయ్య అనే అతను ఒక ఎద్దును అతికష్టం మీద నడిపించుకొచ్చాడు. జ్వరం వస్తూ పోతూ ఉంది. బక్కచిక్కి, నిలబడలేక తూలుతోంది. పెద్దసారు మూడు రోజులు ఒకే మందు వేశాడు. గుణం లేదు. రక్తం తీసి చూద్దాం సార్ అన్నాను. "జ్వరం పట్టుకోవడానికి అద్దాలెందుకయ్యా, నేను ఇన్నేళ్లు అద్దాలు పెట్టుకొనే చూసిన్నా?" అన్నాడు.

నాలుగో రోజు ఆయన నాగర్‌కర్నూల్‌కు మీటింగుకు పోతూ తాళంచెవి అటెండరుకు ఇచ్చి పోవాల్సి వచ్చింది, మందులు అదే బీరువాలో ఉన్నాయి కాబట్టి. మైక్రోస్కోపు బయటికి తీశాను. చెవి చివర గుచ్చి చుక్క రక్తం గాజుపలక మీద వేసి చూశాను. రక్తకణాల మధ్య సన్నటి పురుగు మెలికలు తిరుగుతూ ఈదుతోంది. జోరీగలు కుట్టి అంటించే రోగం అది. దాని మందు వేరు.

లింగయ్య నా వెనకే నిలబడ్డాడు. "అద్దంల ఏమున్నదో నాగ్గూడ సూపియ్యి సారు" అన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి తల ఎత్తాడు. "గింత పురుగు గంత ఎద్దును పడగొడ్తదా" అన్నాడు. ఆ తర్వాత నేను చెప్పిన జాగ్రత్త ఒక్కటి కూడా తప్పలేదు. కంటితో చూశాడు కదా. ఎద్దు బతికింది.

పెద్దసారు తిరిగొచ్చి విన్నాడు. మర్నాటి నుంచి ఆ చెక్కపెట్టె ఆఫీసులో కనబడలేదు, ఇంటికి పట్టుకుపోయాడు. కుళ్లుమోతు మనిషి అనుకున్నాను. ఆ తర్వాత పాతికేళ్లు ఆయన మొలతాడు కథ ఎక్కడ నలుగురు చేరితే అక్కడ చెప్పి నవ్వించాను. ఇప్పుడు చెప్పడం మానేశాను.

మెడలో పెట్టె

ఇటిక్యాలలో రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నాను. పశువుల దవాఖాన మా ఇంటికి రెండు సందుల అవతల. దాని ఎదురుగా రాములు టీ హోటలు. పొద్దున్నే అక్కడ కూర్చోవడం అలవాటైంది. పేపరు కోసం అని ఇంట్లో చెప్పేవాణ్ణి. నిజానికి దవాఖాన ముందు ఎన్ని బర్రెలు ఉన్నాయో చూడటానికి పోయేవాణ్ణి.

నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి పేరు మౌనిక. వనపర్తి పిల్ల. నెమ్మదైన మనిషి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నాకూ తెలుసు. కానీ ఆ తలదన్నేది మెడకు తగిలించుకునే చిన్న పెట్టె అవుతుందనీ, దాన్ని మోసేది నా కూతురు వయసు పిల్ల అవుతుందనీ అనుకోలేదు.

ఆ పెట్టె స్కానింగు మిషను. దానికి ఒక తీగ, తీగ చివర బొటనవేలంత ముక్క. ఆ ముక్కను చేతిలో పట్టుకొని లోపలికి పోనిస్తే గర్భసంచి లోపల ఉన్నది పెట్టె మీద కనబడుతుంది. నాకు రెండో నెల నిండితే గాని తెలిసేది కాదు. ఆమెకు నెల దాటగానే తెలిసేది. పైగా రైతును పిలిచి, "ఇగో చూడు పెద్దయ్యా, గది గుండె, కొట్టుకుంటున్నది" అని చూపించేది. అరవై ఏళ్ల ముసలివాళ్లు ఆ తెర మీదికి వంగి పసిపిల్లల్లా నవ్వడం నేను రోడ్డుకు ఇవతల నుంచి చూశాను. నా చేతిలో ఏముందో నేను ఏనాడూ ఎవరికీ చూపించలేకపోయాను. నమ్మండి అని మాత్రమే చెప్పగలిగాను.

అంతటితో పోలేదు. ఊళ్ల నుంచి పశువు ఒంటి మీది గడ్డలు ఫోటో తీసి ఆమె ఫోనుకు పంపేవాళ్లు. ఆమెకు అనుమానం వస్తే వాళ్ల ప్రొఫెసర్లు ఉన్న గ్రూపులో పెట్టేది. టీ చల్లారేలోపు జవాబు వచ్చేది. నేను రక్తపు గాజుపలకను కాగితంలో చుట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి ల్యాబుకు పంపేవాణ్ణి. జవాబు వచ్చేసరికి పశువును పూడ్చిపెట్టిన చోట గడ్డి మొలిచేది. ఆ ఫోను నా రోజుల్లో ఉంటే అని ఒకటే గొణుగుడు.

ఒకరోజు ఒక ఇంటామె మౌనిక చేతిలో బెల్లం పెట్టడం చూశాను. ఆ రోజు రాములు ఇచ్చిన టీ చేదుగా ఉందని వాడిని తిట్టాను.

"ఆ మిషన్లకేంది, కరెంటు పోతే ఏం జేస్తదంట?" అన్నాను.

"ఛార్జింగు ఉంటదంట సారు, పొద్దుందాక నడుస్తదంట" అన్నాడు రాములు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిషను వస్తే మన విద్య పోతుందని భయపడకండి. మౌనిక కూడా ముందు చేత్తో గర్భసంచిని వెతికి పట్టుకోవలసిందే. తెర మీద కనబడేది నలుపూ తెలుపూ మబ్బులు. అది నీళ్లా, చీము పట్టిందా, దూడా అని చెప్పాల్సింది మనిషే. సాధనం వాడటం చేతకానివాడు దాన్ని తిడతాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. నేను మాత్రం అది మంచిదని బాగా తెలిసి తిట్టాను. నాది ఇంకా నీచమైన రకం.

జమ్ములమ్మ బర్రె

జమ్ములమ్మ ఇటిక్యాల పక్క ఊరి మనిషి. యాభై దాటి ఉంటుంది. ఆమెకు ఉన్నది ఒక్క బర్రె. దాని పాలు హోటళ్లకు పోసి ఇల్లు నడిపేది. బర్రె ఒట్టిపోయిన నెలల్లో సీడు పత్తి చేలకు కూలికి పోయేది. మా గద్వాల దిక్కు విత్తనం కోసం పండించే పత్తి అది. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, పొద్దున పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దాలి. ఒంగిన నడుము ఎత్తడానికి ఉండదు. "ఈ పారి బర్రె ఈనితే ఆ చేన్లకు పోను సారు. నడుము ఇంక లేస్తలేదు" అని నాతో చాలాసార్లు అంది.

మూడున్నర నెలల కింద ఆ బర్రెను సూదితో కట్టించింది, కృత్రిమ గర్భధారణను మా దిక్కు అలాగే అంటారు. ఆ తర్వాత అది మళ్లీ ఎదకు రాలేదు. కట్టిందనే ధైర్యంతో, ఒకసారి చూపించుకుందామని దవాఖానకు తోలుకొచ్చింది. నేను రాములు హోటలు బల్ల మీద కూర్చొని అంతా చూస్తున్నాను.

మౌనిక మిషను పెట్టి చూసింది. రెండోసారి చూసింది. తర్వాత జమ్ములమ్మతో ఏదో చెప్పింది. జమ్ములమ్మ మొహం వాడిపోయింది. పలుపు అక్కడే కట్టేసి రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.

"సారు, నా బర్రె సూడి లేదంట. లోపల చీము పట్టిందంట. సూది ఏస్తే చీమంత పోయి మళ్ల కట్టుతదంట. కాని సూడి ఉన్న బర్రెకు ఆ సూది ఏస్తే ఈసుకపోతదని ఆమెనే చెప్పింది. నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు. ఒక్కసారి మీరు చెయ్యి పెట్టి సూడుండ్రి."

మా దిక్కు పశువుకు కడుపు పోవడాన్ని ఈసుకపోవడం అంటారు. ఆమె భయం న్యాయమైనదే. నాకు లోపల కలిగింది మాత్రం సంతోషం. రెండేళ్లుగా ఎదురుచూసిన పిలుపు అది. లేచి రోడ్డు దాటాను. హోటల్లో ఉన్న ముగ్గురు నా వెంట వచ్చారు.

మౌనిక కొంచెం కూడా చిన్నబుచ్చుకోలేదు. తనే పొడుగు గ్లౌజు తెచ్చి ఇచ్చింది. "మీరు కూడా చూడండి సార్. నాక్కూడా నేర్చుకున్నట్టయితది" అంది.

చెయ్యి పెట్టాను. సంచి పెద్దగానే ఉంది, బరువుగా కిందికి జారి ఉంది. పైపైన తడిమితే నాలుగో నెల అనే అనిపిస్తుంది. గోడను రెండు వేళ్లతో పట్టి వదిలాను. పొర జారలేదు. ఇంకో చోట పట్టాను. జారలేదు. గోడ దళసరిగా, కలిపిన పిండిలా ఉంది. బొడిపెలు లేవు. నరం మీద వేలు పెట్టాను. మామూలుగా కొట్టుకుంటోంది, జుమ్మనడం లేదు. నిమిషంలో తేలిపోయింది. దూడ లేదు. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

అయినా చెయ్యి బయటికి తీయలేదు. లేదు అంటే ఏమవుతుందో ఆలోచిస్తున్నాను. మిషను చెప్పిందే నిజమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. ముప్పై నాలుగేళ్లు పేడలో చెయ్యి పెట్టి సంపాదించినది, రెండేళ్ల సర్వీసున్న పిల్ల మెడలో పెట్టె వేసుకొని చెప్పేసిందని ఈ ముగ్గురూ ఊరంతా చెబుతారు. రేపటి నుంచి ఎవరూ రోడ్డు దాటి నా దగ్గరికి రారు. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. ఆ చూపులు నాకు ఎంత బాగున్నాయో చెప్పలేను.

"సూడిదే" అన్నాను. "నాలుగో నెల నడుస్తుంది. ఆ సూది ఏయించినవంటే ఈసుకపోతది."

జమ్ములమ్మ రెండు చేతులూ జోడించింది. వెంటనే మళ్లీ అడిగింది: "మరి పండుకున్నప్పుడు తోక కింద తెల్లగ కారుతది సారు. గది చీము కాదా?"

ఆమె కంటికి కూడా రోగం కనబడింది. "కడుపుల ఉన్నదానికి జిగురు కారదా?" అని తోసేశాను.

మౌనిక మొహంలో రంగు మారింది. "సార్, నేను రికార్డు చేసి పెట్టిన. ఒక్కసారి స్క్రీన్ చూస్తారా?" అంది, గొంతు తగ్గించి.

"కళ్లద్దాలు తేలేదమ్మా" అన్నాను. అవి నా చొక్కా జేబులోనే ఉన్నాయి.

జమ్ములమ్మ పక్క దుకాణం నుంచి బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. తిన్నాను కూడా.

ఊరు కట్టుకున్న కథ

మౌనిక రెండుసార్లు జమ్ములమ్మ ఇంటికి పోయి, ఇంకోసారి చూస్తానమ్మా అని అడిగిందట. జమ్ములమ్మ వద్దంది. "సారు చెయ్యి ఎన్నడు తప్పలే" అందట. ఈ సంగతి రాములే నాకు చెప్పాడు. నాకు తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి గురించి అబద్ధం రాయను.

జమ్ములమ్మ దారిలో ఎదురైనప్పుడల్లా, "కడుపు జర పెరిగినట్టు కనబడ్తుంది సారు" అనేది. అప్పుడైనా నోరు విప్పి ఉంటే సరిపోయేది. సూది అప్పుడు వేసినా పనిచేసేది. రేపు చెబుదాం అనుకొనేవాణ్ణి. రేపు వచ్చాక ఏమని చెప్పాలి అనుకొనేవాణ్ణి.

నెలన్నరకు, కాలువ గట్టు మీద మేస్తున్న బర్రె కింద నుంచి ఎర్రగా తెల్లగా కుప్పలా ఏదో పడింది. చీమే అది, దానంతట అదే బయటపడింది. చూసినవాళ్లు మాత్రం ఈసుకపోయింది అన్నారు. మరి దూడ పిండమేది అంటే కుక్కలు ఎత్తుకపోయినయి అన్నారు. ఎందుకు ఈసుకపోయింది అంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంది. డాక్టరమ్మ మిషను లోపల పెట్టి తిప్పింది కదా, దానికే బెదిరి జారిపోయింది.

జమ్ములమ్మ దవాఖాన ముందుకు వచ్చి దుమ్మెత్తి పోసింది. "నా బర్రె కడుపుల ఆ కట్టె పెట్టి తిప్పితివి గదమ్మా. సారు నాలుగో నెల అని చెప్తనే ఉన్నడు గదా" అని ఏడ్చింది. మౌనిక గడపలో నిలబడి అంతా విని, "తప్పయింది, మాఫ్ చెయ్యమ్మా" అంది. నేను రోడ్డుకు ఇవతలే ఉన్నాను.

"గట్ల అయితదా సారు, మిషన్ పెడ్తే?" అని అడిగాడు రాములు.

"కావచ్చు" అన్నాను.

ఈ ఒక్క మాట మొదటి అబద్ధం కంటే పెద్దది. ఆ రోజు చుట్టూ మనుషులున్నారు, పొంగిపోయి నోరు జారాను అనుకోవచ్చు. ఈసారి రాములు తప్ప ఎవరూ లేరు. తీరిగ్గా, టీ గ్లాసు చేతిలో పట్టుకొని అన్నాను.

అంతకాలం చీము నిలవడంతో ఆ సంచి పాడైంది. రెండుసార్లు కట్టించినా నిలవలేదు. జమ్ములమ్మ బర్రెను సంతకు తోలింది. దాన్ని కొన్నది పాడి కోసం కాదని అందరికీ తెలుసు. ఆ వానాకాలం ఆమె మళ్లీ సీడు పత్తి చేలకు పోయింది.

దవాఖాన ముందు బర్రెలు తగ్గాయి. మిషను పెట్టించుకోం అని మొహం మీదే చెప్పేవాళ్లు. నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

మౌనిక మా ఇంటికి వచ్చింది

ఒక ఆదివారం పొద్దున మౌనిక మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, కాసేపు గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చుంది.

"సార్, చేత్తో చూసుడు నాకు నేర్పిస్తరా?" అంది. "మిషన్ను నమ్మి జమ్ములమ్మ బర్రె దగ్గర తప్పు చేసిన. నాలుగు నెలల దూడ కనబడకపోవడమేంది సార్? ఆ రికార్డు నేను ఎన్నిసార్లు చూసిన్నో. ఎంత చూసినా నాకు చీమే కనబడుతుంది. అంటే నా కన్నే తప్పు. ఇప్పుడు ఏ బర్రెకు చీము ఉన్నట్టు కనబడినా సూది నేను వేస్తలేను. రైతులను గద్వాల పెద్ద దవాఖానకు పంపిస్తున్న. వాళ్లల్ల సగం మంది పోతలేరు."

నేను ఆమె పేరు చెడాలనుకున్నాను. ఊళ్లో నాలుగు మాటలు పడితే చాలనుకున్నాను. ఆమె నా మాటను తన కళ్లకంటే ఎక్కువ నమ్ముతుందని నాకు తోచనే లేదు. అచ్చంపేట పెద్దసారు మైక్రోస్కోపును దాచాడు, అంతే. నేను చూసిన అద్దంలో పురుగు లేదని ఆయన నాతో ఎన్నడూ అనలేదు. ఆయనకంటే నేను ఎంత దిగజారానో ఆ పొద్దున తెలిసింది.

"చూద్దాంలేమ్మా" అని పంపేశాను. అప్పుడు కూడా నోరు రాలేదు.

మర్నాడు జమ్ములమ్మ పనిచేసే చేను అడిగి తెలుసుకొని పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బయల్దేరినట్టుంది నాకు. ఆమె మొక్కల మధ్య ఒంగి పువ్వులకు పుప్పొడి అద్దుతోంది. నన్ను చూసి నడుము మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

"సారు, మీరు గిట్లొచ్చిండ్రేంది?"

"జమ్ములమ్మా, ఆ రోజు నీ బర్రె సూడి లేదు. నా చేతికి అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ చెప్పిందే నిజం. ఆమె మీది కుళ్లుతో సూడి అని చెప్పిన."

చేతిలోని పువ్వు చూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇప్పుడు నాకు చెప్తే నా బర్రె వస్తదా సారు?" అంది. "ఆ పిల్లను నలుగురిల నిలవెట్టి తిట్టిన నేను. నా బిడ్డ తోటిది. మాఫ్ చెయ్యమంటే గూడ ఇనకపోతి. మీరు పోయి ఆమెకు చెప్పుండ్రి. నేను పువ్వులద్దాల్సిన సాళ్లు ఇంక శానా ఉన్నయి."

మళ్లీ ఒంగింది. నేను అక్కడ ఉన్నంతసేపు తల ఎత్తలేదు.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయాను. మౌనిక గదిలో ఒక్కతే ఉంది. బయట అరుగు మీద ముగ్గురు రైతులు కూర్చున్నారు. కుర్చీ చూపించింది. కూర్చొని, చేనులో చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయని కూడా చెప్పాను. సాకులేమీ కలపలేదు.

ఆమె కుర్చీ నా వైపుకు జరుపుకుంది.

"అయితే తెర మీద నేను చూసింది చీమేనా సార్?"

"చీమే."

"దూడ లేదు కదా?"

"లేదమ్మా."

గట్టిగా ఊపిరి వదిలింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నా మీద కోపం రాకముందే, తనకు చూడటం వచ్చు అన్న సంగతి ఆమెకు తిరిగి దొరికింది. దాన్ని ఇన్ని నెలలు నా దగ్గర పెట్టుకున్నాను నేను. ఎదురుగా కూర్చొని ఆ మొహం చూడటం కంటే ఆమె నా చెంప మీద కొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కోపం తర్వాత వచ్చింది. ఆమె లేచి తలుపు బార్లా తీసింది.

"పెద్దయ్యా, మీరు ముగ్గురు లోపలికి రండి" అని అరుగు మీద ఉన్నవాళ్లను పిలిచింది. "ఎదురుంగ హోటల్ల రాములు ఉన్నడేమో చూసి అతన్ని కూడ రమ్మనండి. జమ్ములమ్మ బర్రె గురించి సారు మీకు ఒక మాట చెప్తరంట."

నేను అలా అనలేదు. ఆమెకు చెబితే చాలనుకొని వచ్చాను.

రాములు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నలుగురూ గోడవారగా నిలబడి, ఎప్పటిలాగే నా మొహం వైపు చూశారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.